ఇంటి స్టూడియోకు తగిన రివర్బ్: వల్హల్లా వింటేజ్‌వెర్బ్, దాన్ని మిక్స్‌లో కలిపే పద్ధతి

చిన్న గదిలో రికార్డు చేసిన గొంతుకు ఆ గది స్వభావం ముందే అంటుకుని ఉంటుంది. గోడలు దగ్గరగా ఉండటం వల్ల ధ్వని కొన్ని మిల్లీసెకన్లలోనే తిరిగి వచ్చి మైకులో పడుతుంది, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు తోస్తుంది. అలాంటి ట్రాక్ మీద ఎంత ఖరీదైన రివర్బ్‌ను, అంటే గది ప్రతిధ్వనిని కల్పించే సాధనాన్ని, వేసినా అది ఆ డబ్బా ధ్వనినే పెద్ద హాలులో వినిపిస్తుంది. అందువల్ల రివర్బ్ ఎంపిక గురించి మాట్లాడే ముందు ఒక షరతు చెప్పక తప్పదు: పాడేవారి వెనుకా పక్కలా మందమైన దుప్పట్లో, శోషక ప్యానెళ్లో ఉంచి, మైకుకు దగ్గరగా, వీలైనంత పొడిగా రికార్డు చేసిన గొంతు మన చేతిలో ఉండాలి. ఇక్కడ నేను పరిశీలిస్తున్న వింటేజ్‌వెర్బ్ గుణదోషాలన్నీ అలాంటి గొంతును దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. వల్హల్లా డీఎస్‌పీ సంస్థ 2012లో విడుదల చేసిన ఈ ప్లగిన్‌ను, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే సాధనాన్ని, నేను మెచ్చుకుంటున్నాను, ఇంటి స్టూడియోకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే ఏ రివర్బ్ ఎంచుకున్నామన్నదాని కంటే దాన్ని ఏ దారిలో కలిపామన్నదే వినేవారికి ఎక్కువగా తెలుస్తుందని నా దృఢమైన అభిప్రాయం. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా కనెక్షన్ గురించే ఉంటుంది.

ఇంటి స్టూడియో ముందు మూడు దారులున్నాయి. మొదటిది హార్డ్‌వేర్. 1957లో వచ్చిన ఈఎంటీ 140 ప్లేట్ రివర్బ్‌లో రెండు మీటర్ల పొడవూ ఒక మీటరు ఎత్తూ గల పలుచని ఉక్కు రేకు ఉండేది, దాన్ని కంపింపజేసి ఆ కంపనాన్ని పికప్‌లతో తిరిగి తీసుకునేవారు. అలాంటి యంత్రం ఇళ్లలో పట్టేది కాదు. 1976లో ఈఎంటీ 250, 1978లో లెక్సికాన్ 224 డిజిటల్ రివర్బ్‌ను పెద్ద స్టూడియోలకు తెచ్చాయి, 1985లో వచ్చిన యమహా ఎస్‌పీఎక్స్90 వంటి ర్యాక్ యంత్రాలు చిన్న స్టూడియోలకు కూడా దాన్ని అందుబాటులోకి తెచ్చాయి. రెండోది కన్వల్యూషన్ రివర్బ్. నిజమైన హాలులోనో, ప్లేట్ నుంచో ఇంపల్స్ రెస్పాన్స్ అనే నమూనాను రికార్డు చేసి, మన ధ్వనిని గణితపరంగా దానితో కలుపుతారు. మూడోది అల్గారిథమ్ రివర్బ్, అంటే అనేక చిన్న డిలేలనూ (ఆలస్యాలనూ) ఫిల్టర్లనూ ఒకదానికొకటి అల్లి గది భ్రమను కల్పించేది. మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960ల తొలినాళ్లలో వేసిన ఈ దారిలోనే నేటి డిజిటల్ రివర్బ్‌లలో అత్యధిక భాగం నడుస్తున్నాయి, వింటేజ్‌వెర్బ్ కూడా ఈ కోవకే చెందుతుంది.

కన్వల్యూషన్ నిజమైన స్థలాన్ని వినిపిస్తుంది కనుక అదే మేలని చాలామంది మొదట అనుకుంటారు. సినిమా సంభాషణకో, వాద్యబృందాన్ని ఒక నిర్దిష్టమైన హాలులో ఉంచడానికో ఆ మాట నిజమే. కానీ ఇంపల్స్ రెస్పాన్స్ ఒక ఫోటో లాంటిది, అందులో ఏదీ కదలదు. పాటలో గొంతు వెనుక నాలుగైదు సెకన్ల పాటు సాగే తోక ప్రాణంతో ఉన్నట్టు వినిపించాలంటే లోపలి డిలేలు మెల్లగా కదులుతూ ఉండాలి, పాత లెక్సికాన్ యంత్రాల ధ్వనికి అంత పేరు రావడానికి ఆ కదలికే ఒక ముఖ్యకారణం. పైగా ఇంపల్స్ రెస్పాన్స్‌లో డికే కాలాన్ని, అంటే తోక ఆగిపోవడానికి పట్టే సమయాన్ని, మార్చవచ్చు గాని, ఎక్కువగా సాగదీస్తే కృత్రిమత్వం బయటపడుతుంది. పాటల కోసం ఒకే ఒక్క రివర్బ్ ఎంచుకోవలసి వస్తే అల్గారిథమ్ రివర్బ్ వైపే నేను మొగ్గుతాను.

వింటేజ్‌వెర్బ్ తెర చాలా సాదాగా ఉంటుంది. గదుల బొమ్మలు, కదిలే గ్రాఫులు ఏవీ లేవు, గుండీలు మాత్రమే ఉన్నాయి. మిక్స్ (అసలు ధ్వనిలో రివర్బ్ పాలు), ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఖాళీ), డికే అనే మూడూ వెంటనే కంటికి కనిపిస్తాయి, వాటి తరువాత డ్యాంపింగ్, షేప్, డిఫ్యూజన్, మాడ్యులేషన్ (లోపలి డిలేల కదలిక), ఈక్యూ (ఫ్రీక్వెన్సీల హెచ్చుతగ్గుల సర్దుబాటు) అనే విభాగాలు వస్తాయి. ఇది నాకు ఎంతో నచ్చింది. చూడటానికి ఏమీ లేకపోవడం వల్ల వినడం తప్ప గత్యంతరం ఉండదు, రివర్బ్ విషయంలో కన్ను చెప్పేది దాదాపు ఎప్పుడూ తోవ తప్పిస్తుంది.

ఈ ప్లగిన్ విశిష్టత అంతా కలర్ అనే ఎంపికలో ఉంది. 1970ల రంగు ఎంచుకుంటే పై ఫ్రీక్వెన్సీలు పది కిలోహెర్ట్జ్ దరిదాపుల్లోనే ఆగిపోతాయి, మాడ్యులేషన్‌లో కొంత గరుకుదనం ఉంటుంది. ఆనాటి డిజిటల్ యంత్రాల పరిమితులే ఇక్కడ ఒక గుణంగా మారాయి. 1980ల రంగులో పూర్తి వెడల్పు ధ్వని వస్తుంది, కానీ ఆ కాలపు మాడ్యులేషన్ మెరుపు మిగిలే ఉంటుంది. నౌ అనే మూడో రంగు శుభ్రంగా, ఏ మరకా లేకుండా ఉంటుంది. కొత్తవారు సహజంగా శుభ్రమైన దాన్నే ఎంచుకుంటారు, గొంతుకు మాత్రం నేను తరచుగా 1970ల రంగునే ఎంచుకుంటాను. కారణం సులభంగా వినిపిస్తుంది: అసలు గొంతులోని స, శ, చ వంటి అక్షరాల పదును పది కిలోహెర్ట్జ్‌కు పైన కూడా స్పష్టంగా ఉంటుంది, రివర్బ్ తోకలో ఆ పదును లేకపోతే గొంతు ముందుకు వచ్చి నిలబడుతుంది, గది వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. రెండూ ఒకే మెరుపుతో ఉంటే మాట మసకబారుతుంది.

మోడ్‌లు ఇప్పుడు ఇరవైకి పైగా ఉన్నాయి. కాన్సర్ట్ హాల్, ప్లేట్, రూమ్, ఛాంబర్ అన్న నాలుగింటితో చాలా పాటలు పూర్తవుతాయి. గొంతుకు ప్లేట్ మోడ్ వెంటనే దట్టంగా తెరుచుకుంటుంది, మాటకూ తోకకూ మధ్య ఖాళీ కనిపించదు, అందువల్ల వేగంగా నడిచే పాటలో కూడా ఇముడుతుంది. కాన్సర్ట్ హాల్ నెమ్మదిగా పెరుగుతుంది, నిదానమైన పాటకు, ఫ్లూటు వంటి సాగే ధ్వనికి బాగుంటుంది. అయితే సాగే స్వరాల మీద మాడ్యులేషన్ డెప్త్ ఎక్కువగా ఉంటే తోకలో శ్రుతి కొద్దిగా ఊగుతుంది, పియానోలోనూ ఫ్లూటులోనూ అది ఇబ్బందిగా వినిపిస్తుంది. అలాంటి చోట డెప్త్‌ను బాగా తగ్గించాలి. నాన్‌లిన్ మోడ్ 1980ల నాటి, తోకను హఠాత్తుగా కోసేసే గేటెడ్ రివర్బ్ కోసం, స్నేర్ డ్రమ్‌కు తప్ప మరెక్కడా నాకు దాని అవసరం పడలేదు. కేయాటిక్ అన్న పేరుతో మొదలయ్యే మోడ్‌లు మాత్రం నన్ను ఆశ్చర్యపరిచాయి: ఎలక్ట్రిక్ గిటారు మీద కొద్దిగా అస్తవ్యస్తంగా కదిలే ఆ తోక ఎంతో సజీవంగా ఉంటుంది.

బాస్ మల్ట్ అనే గుండీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి మిక్స్‌లను బురదగా మార్చే దోషానికి మందు దీనిలోనే ఉంది. డికే రెండు సెకన్లకు పెట్టి బాస్ మల్ట్‌ను ఒకటి కంటే తక్కువకు దింపితే, నిర్ణయించిన ఫ్రీక్వెన్సీకి దిగువన ఉన్న ధ్వని మిగతా దానికంటే త్వరగా ఆగిపోతుంది. లో కట్ కూడా కింది ధ్వనిని తగ్గిస్తుంది గాని, అది మొత్తం రివర్బ్ అంతటినీ సన్నగా చేస్తుంది. బాస్ మల్ట్ తోక మొదటి భాగంలోని నిండుదనాన్ని ఉంచి చివరి భాగంలోని బరువును మాత్రమే తీస్తుంది. ఈ రెండింటి తేడాను చెవితో పట్టుకోగలిగినవారు ఈ ప్లగిన్ విలువలో చాలా భాగాన్ని పొందినట్టే.

లోపాలూ ఉన్నాయి. మోడ్‌ల పేర్లు దగ్గరదగ్గరగా ఉండి, స్మూత్ ప్లేట్‌కూ డర్టీ ప్లేట్‌కూ ఎప్పుడు దేన్ని వాడాలో తెలియడానికి ఓపికగా వినడం తప్ప సహాయం లేదు. తొలి ప్రతిబింబాలను, అంటే మొదటి యాభై ఎనభై మిల్లీసెకన్లలో వచ్చే తిరుగుధ్వనులను, తోక నుంచి వేరుచేసి విడిగా సర్దే వీలు లేదు. అందువల్ల ఒక వాద్యాన్ని గదిలో ఫలానా దూరంలో కచ్చితంగా నిలబెట్టాలనుకునేవారికి ఇది సరైన సాధనం కాదు. పాడుతున్నంతసేపూ రివర్బ్‌ను తగ్గించి, మాట ఆగగానే పైకి తెచ్చే డకింగ్ కూడా ఇందులో లేదు, దాన్ని రివర్బ్ ధ్వని తిరిగి వచ్చే రిటర్న్ ట్రాక్ మీద, గొంతు స్థాయికి స్పందించే సైడ్‌చెయిన్ కంప్రెసర్‌తో మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఈ చివరి లోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మాటలు దట్టంగా ఉన్న పాటకు డకింగ్ చాలా మేలు చేస్తుంది, నేటి రివర్బ్‌లలో చాలావాటికి అది లోపలే ఉంది.

ఏదైనా కొనే ముందు, ఇప్పటికే మన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన రివర్బ్‌ను సరైన దారిలో కలిపి వినడం ధర్మం. రీపర్‌లో రియావెర్బేట్, రియావెర్బ్ ఉన్నాయి, లాజిక్‌లో క్రోమావెర్బ్, స్పేస్ డిజైనర్ ఉన్నాయి. ఇదే వల్హల్లా సంస్థ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న సూపర్‌మాసివ్ కూడా ఉంది, అయితే అది అంతులేని విశాలమైన ధ్వనుల కోసం చేసినది, రోజువారీ గొంతు పనికి దాన్ని లొంగదీయడం కష్టం. వింటేజ్‌వెర్బ్‌కు కూడా డెమో ఉంది. పోల్చి వినేటప్పుడు రెండు రివర్బ్‌ల డికే కాలాన్నీ, రిటర్న్ స్థాయినీ సమానం చేయకపోతే, కొంచెం బిగ్గరగా ఉన్నదే మంచిదని చెవి తీర్పు ఇస్తుంది.

ఇక కనెక్షన్. రివర్బ్‌ను గొంతు ట్రాక్ మీదే ఇన్సర్ట్‌గా పెట్టి, మిక్స్ గుండీని ఇరవై శాతం దగ్గర ఉంచడం తొలి రోజుల్లో అందరూ చేసే పని. అది తప్పని అనను, ఒకే వాద్యానికి ప్రత్యేకమైన ప్రభావం కావాలంటే అదే సరైనది. కానీ పాటలోని గొంతు, గిటారు, కోరస్ ఒకే గాలిని పంచుకుంటున్నట్టు ఉండాలంటే సెండ్, రిటర్న్ పద్ధతి కావాలి. ఒక స్టీరియో ఆక్స్ (సహాయక) ట్రాక్ తెరిచి, రివర్బ్‌ను దాని మీద ఉంచి, మిక్స్‌ను 100 శాతం వెట్‌కు, అంటే రివర్బ్ మాత్రమే వచ్చేలా, పెట్టాలి. ఒక్కో ట్రాక్ నుంచి సెండ్ ద్వారా కావలసినంత ధ్వనిని అక్కడికి పంపాలి. ప్రీసెట్ మార్చినప్పుడల్లా మిక్స్ గుండీ కదిలిపోయే ప్రమాదం ఉంది, వింటేజ్‌వెర్బ్‌లో మిక్స్ లాక్ ఉండటం వల్ల ఆ బెడద లేదు. చిన్న సౌకర్యమే గాని, నాకు రోజూ పనికొచ్చేది ఇదే.

వెట్ పూర్తిగా 100 శాతం ఎందుకు ఉండాలో తెలిస్తే ఎవరూ దాన్ని నిర్లక్ష్యం చేయరు. రిటర్న్‌లో అసలు ధ్వని కూడా కొంత వస్తుంటే, సెండ్‌ను పెంచిన ప్రతిసారీ రివర్బ్‌తోపాటు గొంతు స్థాయి కూడా పెరుగుతుంది. ఇక రిటర్న్ దారిలో ఏ కొంచెం ఆలస్యం ఉన్నా, ఒకే ధ్వని రెండు ప్రతులు కొద్ది తేడాతో కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు రద్దవుతాయి. ఆ ఆలస్యం ఒక మిల్లీసెకను అయితే మొదటి గుంట 500 హెర్ట్జ్ వద్ద పడుతుంది, తరువాత 1500, 2500 వద్ద వరుసగా పడతాయి. గొంతులోని నిండుదనం పోయి గొట్టంలోంచి మాట్లాడినట్టు ఉంటే ముందుగా చూడవలసినది ఇదే.

సెండ్‌ను ఫేడర్ (ట్రాక్ స్థాయిని మార్చే మీట) తరువాత నుంచి తీసుకోవాలి, అంటే పోస్ట్‌ఫేడర్‌గా ఉంచాలి. అప్పుడు గొంతు ఫేడర్‌ను తగ్గిస్తే దాని రివర్బ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ప్రీఫేడర్ సెండ్ ఒక్క సందర్భంలోనే పనికి వస్తుంది: గొంతు మెల్లగా దూరమై చివరకు గది ధ్వని మాత్రమే మిగలాలనుకున్నప్పుడు.

రిటర్న్ ట్రాక్ మీద రివర్బ్‌కు ముందు ఒక ఈక్యూ ఉంచడం ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన పని అని నేను భావిస్తాను. అబ్బే రోడ్ స్టూడియోలో ఎకో ఛాంబర్లకూ ప్లేట్లకూ పంపే ధ్వనిని 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన తగ్గించే అలవాటు ఉండేది, ఆ పద్ధతి నేటికీ ఇంటి స్టూడియోకు అక్షరాలా వర్తిస్తుంది. 600 మరీ ఎక్కువనిపిస్తే 250 నుంచి మొదలుపెట్టి పైకి జరుపుతూ వినవచ్చు. ఈక్యూను రివర్బ్ తరువాత పెట్టినా దాదాపు అదే ఫలితం వస్తుంది గాని, ముందు పెట్టినప్పుడు రివర్బ్‌లోకి అనవసరమైన బరువు వెళ్లదు, దానికి తోడు సకారాల పదును తగ్గించే డీఎస్సర్‌ను కూడా అక్కడే పెట్టే వీలుంటుంది. సకార శకారాలు ఎక్కువగా ఉన్న చరణంలో ప్రతి అక్షరమూ తోకలో చిమ్ముతుంటే, అసలు గొంతును ముట్టుకోకుండా రివర్బ్‌కు వెళ్లే ప్రతిని మాత్రం గట్టిగా డీఎస్ చేయడం ఎంతో సున్నితమైన పరిష్కారం. గొంతు తన పదును పోగొట్టుకోదు, గది మాత్రం శాంతిస్తుంది.

ప్రీడిలే గురించి లెక్క తెలిసి ఉండటం మంచిది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే 20 మిల్లీసెకన్లలో దాదాపు ఏడు మీటర్లు. ఆ మేరకు ఖాళీ ఇస్తే గొంతు మనకు దగ్గరగా, గోడలు దూరంగా ఉన్నట్టు మెదడు అర్థం చేసుకుంటుంది. లయకు సరిపెట్టాలంటే 60000ను టెంపోతో భాగించాలి: 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, దానిలో పదహారో వంతు 31 మిల్లీసెకన్లకు కొంచెం ఎక్కువ. గొంతుకు ప్లేట్ మోడ్, 1970ల రంగు, 1.8 సెకన్ల డికే, ఈ 31 మిల్లీసెకన్ల ప్రీడిలే అన్నవి నేను తరచుగా బయలుదేరే స్థానం. డ్రమ్స్‌కు ప్రీడిలే దాదాపు సున్నా చేస్తాను, లేకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది.

హార్డ్‌వేర్ రివర్బ్ యంత్రం ఉన్నవారు కూడా ఇదే సెండ్, రిటర్న్ పద్ధతిని పాటించాలి, కాకపోతే దారి కంప్యూటర్ బయటికి వెళ్లి వస్తుంది. అందుకు కనీసం నాలుగు లైన్ అవుట్‌పుట్లు, రెండు ఖాళీ లైన్ ఇన్‌పుట్లు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కూ పరికరాలకూ మధ్య ధ్వనిని చేరవేసే పెట్టె) కావాలి: మొదటి రెండు అవుట్‌పుట్లు స్పీకర్లకు, 3, 4 రివర్బ్ యంత్రానికి. యంత్రం అవుట్‌పుట్లు తిరిగి లైన్ ఇన్‌పుట్లకే రావాలి, మైకు ఇన్‌పుట్లకు రాకూడదు. స్థాయిలు కూడా సరిచూడాలి. వృత్తిపరమైన పరికరాలు ప్లస్ 4 డీబీయూ వద్ద, గృహ పరికరాలు మైనస్ 10 డీబీవీ వద్ద పనిచేస్తాయి, రెండింటి మధ్య తేడా దాదాపు 12 డెసిబెల్స్. యంత్రం వెనుక ఈ స్విచ్ ఉంటే ఇంటర్‌ఫేస్‌తో సరిపోయేలా పెట్టాలి, లేకపోతే ఒకవైపు వక్రీకరణ, మరోవైపు హిస్ మొదలవుతుంది. బ్యాలెన్స్డ్ టీఆర్ఎస్ కేబుళ్లు వాడితే హమ్ సమస్య చాలావరకు రాదు. ఎస్‌పీడిఫ్ అనే డిజిటల్ కనెక్షన్ ద్వారా కలిపితే ఇంటర్‌ఫేస్, యంత్రం రెండింటిలో ఒకటే శాంపిళ్ల వేగాన్ని నిర్దేశించే క్లాక్‌కు మూలంగా ఉండాలి, శాంపిల్ రేటు రెండింటిలో ఒకటే కావాలి. అలా కాకపోతే మధ్యమధ్య టిక్కుమనే చప్పుళ్లు వస్తాయి.

బయటికి వెళ్లి వచ్చే ధ్వనికి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం తప్పదు. రీపర్‌లో రియాఇన్సర్ట్, లాజిక్‌లో ఐ/ఓ ప్లగిన్ ఆ ఆలస్యాన్ని కొలిచి సరిచేస్తాయి. అయితే యంత్రం 100 శాతం వెట్‌లో ఉంటే ఈ ఆలస్యం ప్రీడిలేకు కలిసిపోయే సంఖ్య మాత్రమే: దారిలో 6 మిల్లీసెకన్లు పోతే, 20 కావాలనుకున్నవారు యంత్రంలో 14 పెట్టుకోవచ్చు. వెనక్కి వచ్చే ట్రాక్ నుంచి అదే యంత్రానికి మళ్లీ సెండ్ తెరవకూడదన్నది మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి, ఆ వలయంలో ధ్వని క్షణాల్లో పెరిగి చెవులకూ స్పీకర్లకూ హాని చేస్తుంది. గిటారు పెడల్ రివర్బ్‌ను ఇలా వాడదలచినవారు లైన్ స్థాయిని పెడల్ స్థాయికి దించే రీయాంప్ పెట్టెను మధ్యలో ఉంచాలి.

పాడుతున్న సమయంలో హెడ్‌ఫోన్లలో రివర్బ్ కావాలని గాయకులు అడగడం న్యాయమే, పూర్తిగా పొడి గొంతు వింటూ శ్రుతిలో నిలవడం కష్టం. బఫర్‌ను, అంటే కంప్యూటర్ ఒక్కోసారి పట్టుకునే ధ్వని ముక్కను, 64 శాంపిల్స్‌కు తగ్గించగలిగితే 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్కో బఫర్ 1.3 మిల్లీసెకన్లు మాత్రమే. వింటేజ్‌వెర్బ్ ప్రాసెసర్ మీద తక్కువ భారం వేస్తుంది కనుక ఆ స్థితిలో కూడా సాఫీగా నడుస్తుంది. కంప్యూటర్ అంత తక్కువ బఫర్‌ను మోయలేకపోతే, ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా పొడి గొంతును వినిపిస్తూ, ప్లగిన్ నుంచి వెట్ ధ్వనిని మాత్రమే ఆలస్యంగా చేర్చవచ్చు, ఆ ఆలస్యం ఇక్కడ కూడా ప్రీడిలేగానే వినిపిస్తుంది. రికార్డయ్యేది మాత్రం ఎప్పుడూ పొడి గొంతే కావాలి.

రిటర్న్ స్థాయిని నిర్ణయించేటప్పుడు రివర్బ్ స్పష్టంగా వినిపించేదాకా పెంచి, ఆ తరువాత రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, మ్యూట్ చేసి చూడాలి. మ్యూట్ చేసినప్పుడు మాత్రమే దాని లోటు తెలిస్తే స్థాయి సరిగా ఉన్నట్టు. హెడ్‌ఫోన్లలో రివర్బ్ ఎక్కువగా, గదిలో స్పీకర్ల మీద తక్కువగా వినిపిస్తుంది కనుక రెండింటిలోనూ సరిచూడాలి, మోనోలో కూడా ఒకసారి వినాలి, ఎందుకంటే స్టీరియోలో విశాలంగా ఉన్న తోక మోనోలో కొంత కుంచించుకుపోతుంది. పాట పూర్తయ్యాక రిటర్న్ ట్రాక్‌ను విడిగా ఆడియో ఫైలుగా ప్రింట్ చేసి, పొడి ట్రాక్‌లతోపాటు భద్రపరచాలి. ప్లగిన్ కొత్త వెర్షన్ రావచ్చు, కంప్యూటర్ మారవచ్చు, హార్డ్‌వేర్ యంత్రం మరమ్మతుకు వెళ్లవచ్చు. ఆ ఫైలు ఉంటే మిక్స్‌ను ఎప్పుడు తెరిచినా అదే రివర్బ్‌తో తిరిగి పని మొదలుపెట్టవచ్చు.